పదహారేళ్లుగా నా పాత ఫియట్‌తో: తడిగుడ్డ చేసిన మోసం

బండి 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. మా గుంటూరు వైపు దాన్ని పద్మిని అన్నవాళ్లు తక్కువ, అందరికీ అది ఫియటే. ఇటలీ ఫియట్ 1100ని ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేస్తూ, 1974 నుంచి పద్మిని అని పేరు పెట్టి అమ్మారు. 1089 సీసీ ఇంజను, సోలెక్స్ కార్బొరేటర్, స్టీరింగు పక్కన గేరు కాడ, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. 2009లో తెనాలిలో ఒక రిటైర్డ్ డాక్టరు గారి దగ్గర 38 వేలకి కొన్నాను. నా చేతిలో ఇప్పటికి 60 వేల కిలోమీటర్లు దాటింది.

సమీక్ష అనగానే మైలేజీ ఎంత అని అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఊళ్లో 10, హైవే మీద 13. పికప్ గురించి అడగొద్దు. సీట్లు మాత్రం సోఫాల్లా ఉంటాయి, మా అమ్మకి కొత్త కార్లలో నడుము నొప్పి, ఇందులో రాదు. ఇక రాయాల్సింది దాని రిపేర్ల గురించే. ఈ బండిని కొనడం అంటే సగం బండిని, సగం రిపేరుని కొనుక్కోవడం.

నన్ను ఎక్కువ ఏడిపించింది ఒకే ఒక్క జబ్బు. మూడు వేసవులు.

మొదటిసారి 2011 మేలో, శ్రీశైలం వెళ్తూ. దోర్నాల దాటి ఘాట్ ఎక్కడం మొదలయ్యాక బండి ముందు దగ్గింది, తర్వాత కుదుపులు, తర్వాత ఆగిపోయింది. రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ రోళ్లు పగిలే ఎండలు అప్పటికే మొదలయ్యాయి. వెనక సీట్లో అమ్మ, మా ఆవిడ, రెండేళ్ల పిల్లవాడు. పక్కన ఆగిన లారీ డ్రైవరు బానెట్ లోపలికి ఒక్క చూపు చూసి తేల్చేశాడు. "ఫియట్ కదా సార్, పెట్రోలు ఆవిరి పట్టేసుంటది. పంపు మీద తడిగుడ్డ వెయ్యండి." మా ఆవిడ కొత్త టర్కీ టవల్ తడిపి పంపు చుట్టూ చుట్టాం. ఇరవై నిమిషాలు చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. అమ్మ అక్కడినుంచే శిఖరం వైపు తిరిగి దండం పెట్టింది.

ఇందులో అబద్ధం లేదు. ఈ ఇంజనులో పెట్రోలు పంపు మెకానికల్, ఇంజనుకే బిగించి ఉంటుంది. ఎక్కుడులో నెమ్మదిగా పోతుంటే బానెట్ కింద గాలి ఆడదు, పంపులోనో పైపులోనో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపులో ఉండే డయాఫ్రం అనే పల్చటి పొర ఆ బుడగల్ని నొక్కుతూ కూర్చుంటుంది తప్ప పెట్రోలుని తోయలేదు. పాత ఫియట్ ఉన్నవాళ్లందరికీ ఈ కథ తెలుసు. నాకూ తెలుసు కాబట్టే నేను వేరే ఏదీ ఆలోచించలేదు.

ఆ తర్వాత ప్రతి వేసవీ ఇదే వరస. మంగళగిరి దగ్గర ఒకసారి, కాజ టోల్‌గేట్ క్యూలో ఒకసారి, చిలకలూరిపేట బైపాస్ మీద రెండుసార్లు. ఆగడం, తడిగుడ్డ, ఇరవై నిమిషాలు, స్టార్ట్. పంపు మార్చాను. పెట్రోలు పైపుని సైలెన్సర్ వేడికి దూరంగా తిప్పించాను. పంపుకీ ఇంజనుకీ మధ్య వేడి ఎక్కకుండా దళసరి గ్యాస్కెట్ వేయించాను. ఒక వర్క్‌షాపులో కార్బొరేటర్ మొత్తం విప్పి, కిట్ వేసి, తొమ్మిది వేలు తీసుకుని, చివర్లో "ఇంజను బోరుకొచ్చింది సార్" అన్నారు, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయాయని. ఆ మాటకి రెండు రోజులు నిద్ర పట్టలేదు. స్నేహితుడి దగ్గర కంప్రెషన్ గేజ్ అడిగి తెచ్చి, నాలుగు ప్లగ్గులూ పీకి నేనే చూశాను. నాలుగు సిలిండర్లూ 110కీ 118 పీఎస్ఐకీ మధ్య ఉన్నాయి. బోరు శుభ్రంగా ఉంది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇకమీదట చూడకుండా ఏదీ మార్చనని.

2013 వేసవిలో బండి మళ్లీ ఆగింది, ఈసారి మా వీధి చివరే. టవల్ తీసిన మా ఆవిడని ఆపి, ముందు కరెంటు చూశాను. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత నడిమి వైరు పీకి, దాన్ని చెక్క బట్టల క్లిప్పుతో పట్టుకుని, ఇంజను ఇనుముకి అయిదారు మిల్లీమీటర్ల దూరంలో పెట్టి, మా ఆవిడని సెల్ఫ్ కొట్టమన్నాను. మంచి నిప్పు నీలంగా, లావుగా, టక్కుటక్కుమని దూకాలి. ఇక్కడ పసుపురంగులో సన్నటి దారంలా ఒకటి వచ్చింది, తర్వాత అదీ లేదు. పెట్రోలు తప్పేమీ లేదు! ఇరవై నిమిషాలాగి, గుడ్డ లేకుండా, అదే పరీక్ష చేశాను. నీలం నిప్పు. బండి స్టార్టయింది.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. మూడేళ్లుగా బండిని బాగుచేసింది గుడ్డ కాదు, దాన్ని చుట్టి కూర్చున్న ఇరవై నిమిషాలు.

దోషి కండెన్సర్. చిటికెన వేలి చివరంత ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్‌కి ఒక స్క్రూతో అతుక్కుని. డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటుని కలుపుతూ తెంపుతూ ఉండే రెండు లోహపు మొహాలే పాయింట్లు; అవి విడిపోయే క్షణంలో అక్కడ పుట్టే మెరుపుని అది మింగేయాలి, అప్పుడే కాయిల్లోని బలమంతా ప్లగ్గుకి పోతుంది. అది లోపల పాడైతే మెరుపు పాయింట్ల దగ్గరే అయిపోతుంది, ప్లగ్గుకి మిగిలేది బూడిద. నాది చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండేది, వేడెక్కితే చచ్చిపోయేది. పాయింట్లు విప్పి చూస్తే రెండు మొహాలూ నల్లగా కాలి, ఒకదాని మీద గుంట, రెండోదాని మీద మొటిమ. ఆ వర్క్‌షాపువాళ్లు వాటిని ఆకురాయితో గీకి మళ్లీ బిగించేశారు తప్ప ఎందుకు కాలాయని అడగలేదు. కండెన్సర్ ఖరీదు అప్పట్లో అరవై రూపాయలు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఇప్పుడు దొరికే కొత్త కండెన్సర్లలో చాలావాటిని నమ్మలేం. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒకేసారి మూడు కొన్నాను, రెండు నెల తిరక్కుండానే పోయాయి. డాక్టరు గారు బండితోపాటు ఇచ్చిన రేకు డబ్బాలో ఒక పాతది దొరికింది, పన్నెండేళ్లుగా అదే నడుస్తోంది. పాత సామాను డబ్బాని పారేయకండి, అందులో తుప్పు పట్టిన నట్లతో పాటు ఇలాంటివీ ఉంటాయి.

పాయింట్ల గ్యాపు 0.45 మిల్లీమీటర్లు పెడతాను. మొదట్లో నాకు నేర్పిన పెద్దాయన, మా మేస్త్రి గారు, పెళ్లికార్డు ముక్కతో పెట్టేవారు. "ఫీలర్ గేజ్ లేదా మేస్త్రీ" అంటే, "నీ పెళ్లికార్డే బాబూ, మందంగా బాగుంది" అన్నారు. గ్యాపు కొలిచే ఆ ఫీలర్ గేజ్ రెండొందలకి వస్తుంది, కొనుక్కోండి. గ్యాపు చూసేటప్పుడు పాయింట్లని తెరిచే డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మూల సరిగ్గా పాయింట్ మడమ కింద ఉండాలి. బండిని నాలుగో గేర్లో వేసి కొంచెం కొంచెం తోస్తే ఆ చోటికి వస్తుంది. క్యామ్ మీద బియ్యపు గింజంత గ్రీజు రాయాలి. ఎక్కువ రాస్తే ఎగిరి పాయింట్ల మీదే పడుతుంది, అది కూడా నేను చేసి చూశాను.

ఇప్పుడు బండి ఆగితే నా పద్ధతి ఇంతే: నిప్పుందా, పెట్రోలుందా. నిప్పు ముందు చూస్తాను, ఎందుకంటే పెట్రోలు పైపు విప్పాక ఆ చుట్టుపక్కల నిప్పు దూకించే పని పెట్టుకోకూడదు. నిప్పుంటే, కాయిల్ వైరు తీసేసి, పంపునుంచి కార్బొరేటర్‌కి పోయే పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ తిప్పిస్తాను. చిమ్ముతూ రావాలి. నురగలా, బుడగలుగా వస్తే, అప్పుడు తడిగుడ్డ.

నిజంగా బుడగలొచ్చిన రోజూ ఉంది, నిన్నగాక మొన్నటి వేసవిలో. ఈసారి నిప్పు నీలంగానే ఉంది. కారణం పెట్రోలే అనుకుంటున్నాను. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది. ఈ బండి పుట్టినప్పుడు దాని రబ్బరుకి ఇథనాల్ అంటే ఏమిటో తెలియదు. కార్బొరేటర్ గిన్నె విప్పితే అడుగున కాటుకలాంటి నల్లటి పొడి, పాత గొట్టం లోపలి పొర ఊడి వచ్చిన రబ్బరు. పంపు డయాఫ్రం అట్టలా గట్టిపడింది. గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేశాను, డయాఫ్రం మార్చాను, కార్బొరేటర్‌కి ముందు ఒక పారదర్శకమైన ఫిల్టరు పెట్టాను, నల్లపొడి వస్తే కంటికి కనిపిస్తుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి నిలబెట్టాల్సొస్తే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచడం లేదు. మీ పాత బండిలో పెట్రోలు వాసన వస్తుంటే రేపు చూద్దామని వదిలేయకండి. ఆ వాసన మంటకి ముందు వచ్చే కబురు.

బ్రేకుల విషయంలో ఈ కారుకి నేను తక్కువ మార్కులే వేస్తాను. నా మోడల్లో బ్రేకు ఆయిలు లైను ఒక్కటే, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. బండి వారానికోసారి తీసేవాళ్లకి ఇంకో బాధ, బ్రేకు ఆయిలు తేమ పీల్చుకుని వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఒకరోజు పెడల్ మెత్తగా దిగింది. వెనక ఎడమ చక్రం లోపలివైపు టైరు మీద తడి చార. డ్రమ్ము విప్పితే సిలిండర్ రబ్బరు టోపీ నిండా ఆయిలు. అప్పటినుంచి రెండేళ్లకోసారి ఆయిలు పూర్తిగా మారుస్తున్నాను, కారినా కారకపోయినా.

బ్రేకు లైన్లోంచి గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మావాడిని పదేళ్లప్పుడే పెడల్ దగ్గర కూర్చోబెట్టాను. మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరమున్న చక్రంతో మొదలు. నేను కింద పడుకుని, చక్రం దగ్గర గాలి వదిలే నిపిల్‌కి సన్నగొట్టం తగిలించి, దాని కొస సీసాలోని ఆయిల్లో ముంచి, "తొక్కు" అంటాను. "తొక్కాను నాన్నా." నిపిల్ పావు చుట్టు వదులుతాను, బుడగలు వస్తాయి, బిగిస్తాను, "వదులు" అంటాను. నిపిల్ బిగించకముందే వాడు వదిలేస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది, మొత్తం మొదటికొస్తుంది. మొదటిసారి మూడు గంటలు పట్టింది, ఇద్దరం కొట్లాడుకున్నాం. ఇప్పుడు నలభై నిమిషాలు. ఆయిలు పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, నా బండి ఎడమ మడ్‌గార్డు మీద అరచేతంత మచ్చ అదే.

మిగతావి క్లుప్తంగా. ఇంజను హెడ్ అల్యూమినియం, ఒక్కసారి బాగా వేడెక్కితే వంగి గ్యాస్కెట్ పోతుంది, అందుకే రేడియేటర్ నీళ్లు, ఫ్యాన్ బెల్టు వారంవారం చూస్తాను. ఇంజను ఆయిలు 20డబ్ల్యూ50, అయిదు వేలకోసారి. ఆయిలు చుక్కలు పడతాయి, కింద ఒక అట్ట వేసి బతికేస్తున్నాం. తుప్పు మాత్రం అసలు శత్రువు. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలు మట్టితో పూడుకుంటే తలుపు లోపలినుంచి కుళ్లిపోతుంది, ఏటా జూన్‌కి ముందు సైకిల్ చువ్వతో వాటిని పొడవండి. ఆ పని తెలియక నేను టింకరింగ్‌కి పోసిన డబ్బుతో ఇంకో ఫియట్ వచ్చేది.

సామాను ఇప్పటికీ దొరుకుతోంది గానీ తగ్గుతోంది. ముంబైలో పద్మిని టాక్సీలు వేలల్లో తిరిగినన్నాళ్లు ఆ గిరాకీ మీదే మనకీ సామాను వచ్చేది, ఆఖరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయింది. బ్రేకు రబ్బర్లు, పాయింట్లు, డయాఫ్రాలు రెండేసి సెట్లు కొని పెట్టుకున్నాను.

కొనమంటారా అని అడిగేవాళ్లకి: రోజూ ఆఫీసుకి పోవడానికైతే వద్దు. ఇంట్లో రెండో బండి ఉండి, చేతులకి నల్లమరకలు అంటినా పరవాలేదనుకుంటే, తుప్పు లేని బండిని చూసి కొనండి. ఇంజను పాడైనా బాగుచేసుకోవచ్చు, తుప్పు పట్టిన బాడీని తీసుకోవద్దు. ఖర్చు నాకు టైర్లు, ఇన్సూరెన్సు కాకుండా ఏడాదికి సగటున 15 వేలు. నేను మార్చేముందు చూడటం నేర్చుకోకముందు ఇది రెట్టింపు పైనే ఉండేది.

2028కి మా బండికి 50 ఏళ్లు నిండుతాయి, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అప్పుడు అర్హత వస్తుంది. అందాకా అయిదేళ్లకోసారి రెన్యువలే. ఆ టర్కీ టవల్ ఇంకా డిక్కీలోనే ఉంది, దాని పక్కన టేపు చుట్టిన రెండు కండెన్సర్లు, బట్టల క్లిప్పు. ప్రస్తుతం వైపర్ సగం తిరిగి ఆగుతోంది. కరెంటు అందుతోందో లేదో ముందు టెస్ట్ ల్యాంపు పెట్టి చూడాలి, ఆ తర్వాతే మోటారు విప్పడం. ఈ ఆదివారం వాన పడకపోతే.