జొన్నరొట్టె సెంటర్లు: తగ్గిన బరువును నిలుపుకునేవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

పొద్దుగూకిందంటే హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఎటు పోయినా రోడ్డు పక్కన పెంక మీద జొన్నరొట్టెలు కాలుతుంటాయి. అక్కడ తినేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు కొందరు, కష్టపడి బరువు తగ్గి, మళ్లీ పెరగొద్దని రాత్రిపూట అన్నం మానేసినవాళ్లు ఇంకొందరు. ఈ రివ్యూ ఆ రెండోవాళ్ల కోసం. ఇది ఏ ఒక్క సెంటర్ గురించో కాదు, అక్కడ దొరికే భోజనం మొత్తం గురించి.

జొన్నలో కేలరీలు బాగా తక్కువని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో 334 కేలరీలుంటే, అంతే తెల్లబియ్యంలో 356 ఉంటాయి. తేడా ఉన్నది పీచులో. జొన్నల్లో 10 గ్రాములుంటే, బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. ప్రొటీన్ కూడా జొన్నల్లో రెండు గ్రాములు ఎక్కువ. రొట్టెను నమిలి తినాలి కాబట్టి తినడం నెమ్మదిస్తుంది, కడుపు నిండిన సంగతి తింటుండగానే తెలుస్తుంది.

బరువు నిలుపుకునేవాళ్లకు ఇంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. రొట్టెను లెక్కపెట్టొచ్చు. మీల్స్‌లో అన్నం మారు వడ్డిస్తుంటే ఎంత తిన్నామో తెలియదు. అరకిలో అన్నం తేలిగ్గా లోపలికి పోతుంది, అంటే 650 కేలరీలు. రొట్టె అలా కాదు. కిలో పిండికి 16 రొట్టెలు చేస్తే ఒక్కోదానికి సుమారు 60 గ్రాముల పిండి, 200 కేలరీలు. చేసేవాళ్ల అలవాటును బట్టి రొట్టె సైజు మారుతుంది కాబట్టి, కిలోకు ఎన్ని చేస్తారో చేసే అమ్మనే అడగండి. 12 అంటే మాత్రం ఒక్కో రొట్టె 280 కేలరీల దగ్గరికి పోతుంది.

ఈ 200 అంకె ఎందుకు ముఖ్యమంటే, పది కిలోలు తగ్గిన ఒంటికి రోజూ కావలసిన శక్తి అంతకుముందుకంటే సుమారు 220 కేలరీలు తగ్గుతుంది. చిన్న ఒంటిని నడపడానికి తక్కువ చాలు. అదే సమయంలో కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ తగ్గి, ఆకలి మునుపటికంటే ఎక్కువవుతుంది. అవసరం తగ్గింది, ఆకలి పెరిగింది. బరువు తిరిగొచ్చేది ఈ సందులోంచే, మనసు గట్టిగా లేకపోవడం వల్ల కాదు. మునుపు మూడు రొట్టెలు తిన్న మనిషికి ఇప్పుడు రెండు సరిపోవాలి, ఆ మూడో రొట్టె ఇచ్చే నిండుదనం పప్పు, ఆకుకూరల నుంచి రావాలి.

సెంటర్లు దెబ్బతీసేది సరిగ్గా ఇక్కడే. రొట్టె పొడిగా ఉంటుంది. ముక్క తుంచి షోర్వలో ముంచితే, పైన ఎర్రగా తేలే నూనెనే ముందు పీల్చుకుంటుంది. ఆ నూనె ఒక పెద్ద చెంచాడైతే 120 కేలరీలు, సగం రొట్టెకంటే ఎక్కువ. 2024లో వచ్చిన పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజుకు నూనె, కొవ్వు కలిపి 27 గ్రాములు. అంటే రెండు పెద్ద చెంచాలు, అదీ రోజు మొత్తానికి. చికెన్‌ షోర్వ రెండుసార్లు పోయించుకుంటే ఆ కోటా ఆ ఒక్క పూటకే అయిపోవచ్చు. అదే పట్టికలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు. రెండు రొట్టెలతో దాదాపు సగం ధాన్యం వచ్చేస్తుంది. సెంటర్లో దొరకనిది కూరగాయ. ఉల్లిగడ్డ, నిమ్మచెక్క ఇచ్చి సరిపెడతారు.

కాబట్టి ఆర్డర్ ఇలా ఇవ్వండి: రెండు రొట్టెలు, ఒక కప్పు గట్టి పప్పు, పాలకూరదైనా పుంటికూరదైనా సరే. పప్పు పల్చగా నీళ్లలా ఉంటే ప్రొటీన్ పెద్దగా రాదు, ఒక ఉడికిన గుడ్డు చేర్చుకోండి, దానికి 70 కేలరీలు, 6 గ్రాముల ప్రొటీన్. మాంసం తినాలనుంటే ముక్కలు విడిగా పెట్టించుకుని, షోర్వ అంచుకు అద్దుకునేంతే తీసుకోండి. ఎల్లిగడ్డ కారంలో నూనె పోయొద్దని ముందే చెప్పాలి, అడగకుండానే పోసేస్తారు. పల్లీల చట్నీ రుచికి బాగుంటుంది గానీ 100 గ్రాముల పల్లీల్లో 500 కేలరీలపైనే ఉంటాయి. ఒక చెంచా చాలు. కీరదోస ఒకటి ఇంటినుంచి తెచ్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

పిండి గురించి. గోధుమపిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నలో ఉండదు, అందుకే మరిగే నీళ్లు పోసి కలిపితేనే ముద్ద కడుతుంది. పాతబడ్డ పిండితో చేస్తే తట్టేటప్పుడు అంచులు బాగా పగులుతాయి. చేత్తో తట్టి, పెంక మీద వేశాక పైన తడిచెయ్యి రాసి, తిప్పి, చివర్లో మంట మీద పొంగించిన రొట్టె అసలైనది. అంచు కొద్దిగా గరుకుగా ఉంటుంది, మడిస్తే విరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. అప్పడాల కర్రతో పల్చగా సాగి, చల్లారినా చపాతీలా మెత్తగా మడత పడుతోందంటే గోధుమపిండో మైదానో కలిసినట్టే. మైదా కలిస్తే మనం డబ్బులు పెట్టిన పీచు అందులో తగ్గిపోతుంది. కొన్ని చోట్ల తడిచెయ్యికి బదులు నూనె రాస్తారు, వద్దని చెప్పండి.

పార్సిల్‌కు మాత్రం మార్కులు వేయలేం. వేడి రొట్టెను ప్లాస్టిక్ కవర్లో కడితే చెమట పట్టి తడిసి, ఇంటికొచ్చేసరికి జిగటగా మారుతుంది. దాన్ని మింగడానికి ఇంకాస్త షోర్వ కావాలనిపిస్తుంది. ఒక బట్ట, స్టీల్ డబ్బా పట్టుకెళ్లండి, లేదా అక్కడే కూర్చుని తినండి.

షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు రాత్రి అన్నం ఒక్కసారిగా తగ్గించేముందు డాక్టర్‌ను అడగాలి, మందు మోతాదు మారాల్సి రావొచ్చు.

మా అంచనా: వారంలో మూడు నాలుగు రాత్రులకు ఇది మంచి ఏర్పాటు, రోజూ అయితే కూరగాయల కొరత వెంటాడుతుంది. రొట్టెకు ఐదుకు నాలుగున్నర, పప్పుకు నాలుగు, మాంసం కూరలకు రెండు, కూరగాయలకు ఒకటి. సంక్రాంతికి సకినాలు, బతుకమ్మకు సత్తుపిండి తిన్న వారాల్లో కిలో అటూ ఇటూ అవడం మామూలే, అందులో కొంత ఉప్పు పట్టి ఉంచిన నీరు. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున ఏమీ తినకముందు తూకం చూసుకోండి. పెరిగిన బరువు రెండు కిలోలు దాటి మూడు వారాలైనా దిగకపోతే, రొట్టెల లెక్క మార్చకముందు కూరలో నూనె చూడండి.