డొనాల్డ్ బెల్ కోసం బ్రాడ్‌ఫర్డ్ నుంచి సోమ్ దాకా: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

డొనాల్డ్ బెల్ ఫుట్‌బాల్ ఆటగాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర జరిగిన పోరులో, శౌర్యానికి బ్రిటన్ ఇచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ సంపాదించాడు. ఆయన పుట్టింది హారోగేట్‌లో, ఫుట్‌బాల్ ఆడింది బ్రాడ్‌ఫర్డ్‌లో. ఆయన రెజిమెంట్ మ్యూజియం రిచ్‌మండ్‌లో ఉంది, పతకం మాంచెస్టర్‌కి చేరింది, సమాధి ఫ్రాన్స్‌లో ఉంది. మేం లీడ్స్‌లో ఉంటాం కాబట్టి ఇంగ్లండ్‌లోని ఊళ్లన్నీ శని, ఆదివారాల్లో చుట్టేశాం. ఫ్రాన్స్‌కి మాత్రం బొల్లారం నుంచి మావయ్యగారు వచ్చినప్పుడు అందరం కలిసి వెళ్లాం. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. మీకు ఒక్క చోటికే వెళ్లే వీలుంటే ఫ్రాన్స్ వెళ్లండి. రెండు చోట్లకి వీలుంటే మాంచెస్టర్ కలుపుకోండి. మిగతావి దారిలో పడితే చూడొచ్చు.

బెల్ ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1890 డిసెంబర్‌లో పుట్టాడు. లండన్‌లో టీచర్ ట్రైనింగ్ చదువుతూ క్రిస్టల్ ప్యాలెస్‌కి అమెచ్యూర్‌గా ఆడాడు. తర్వాత హారోగేట్ పక్కనే స్టార్‌బెక్‌లో బడిపంతులయ్యాడు. జీతం చాలక 1912లో బ్రాడ్‌ఫర్డ్ పార్క్ అవెన్యూ క్లబ్‌తో ప్రొఫెషనల్‌గా ఒప్పందం చేసుకున్నాడు. ఫస్ట్ టీమ్‌కి ఆడిన మ్యాచ్‌లు ఐదే. ఆరడుగుల మనిషి, బరువూ ఎక్కువే, అయినా వంద గజాలు పదకొండు సెకన్లలోపే పరుగెత్తేవాడట. 1914లో యుద్ధం మొదలయ్యాక, ఒప్పందం నుంచి వదిలేయమని క్లబ్‌ని అడిగి సైన్యంలో మామూలు సిపాయిగా చేరాడు. ఇంగ్లండ్ ప్రొఫెషనల్ ఆటగాళ్లలో అలా చేరిన మొదటివాడిగా ఆయన్నే చెబుతారు. మరుసటి ఏడాది యార్క్‌షైర్ రెజిమెంట్‌లో, అంటే గ్రీన్ హోవర్డ్స్‌లో, ఆఫీసరయ్యాడు.

బ్రాడ్‌ఫర్డ్ దగ్గరే మొదలుపెట్టాం. పార్క్ అవెన్యూ క్లబ్ 1970లో ఫుట్‌బాల్ లీగ్ నుంచి బయటపడింది, 1974లో మూతపడింది. తర్వాత మళ్లీ పుట్టింది గానీ ఆడేది వేరే గ్రౌండ్‌లో. పాత గ్రౌండ్‌కి ఒక పక్క క్రికెట్ ఇండోర్ స్కూల్ కట్టారు, ఇంకో పక్క ప్రేక్షకులు నిలబడే సిమెంటు మెట్లు చెట్ల మధ్య మిగిలాయి. ఆ మెట్లు చూస్తే పాతికేళ్లుగా ఎవరూ కాపురం లేని మండువా ఇల్లు గుర్తొచ్చింది నాకు. మా వాడికి పన్నెండేళ్లు, స్కూల్ టీమ్‌లో డిఫెండర్. "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. బెల్ నిజంగా ఆడిన చోటే ఆయన జాడ అన్నింటికంటే తక్కువ. ఇక్కడికి ప్రత్యేకంగా రావడం దండగ. కాకపోతే బ్రాడ్‌ఫర్డ్‌లో మన భోజనానికి లోటుండదు, శాకాహారులకి ఈ యాత్ర మొత్తంలో సుఖపడేది ఇక్కడే.

రిచ్‌మండ్‌కి రైలు 1969లోనే ఆగిపోయింది. డార్లింగ్టన్‌లో దిగి బస్సెక్కాలి, లేదా కారులో వెళ్లాలి. గ్రీన్ హోవర్డ్స్ మ్యూజియం మార్కెట్ సెంటర్లో ఒక పాత చర్చిలో ఉంది. చిన్నదే గానీ శుభ్రంగా, ఓపికగా పెట్టారు. వాలంటీర్లు పెద్దవాళ్లు, ఒక్క ప్రశ్న అడిగితే పది విషయాలు చెప్పారు. బెల్‌కి స్నేహితుడైన ఆర్చీ వైట్ కూడా ఇదే రెజిమెంట్ ఆఫీసరు, ఆయనకీ 1916లోనే సోమ్‌లో విక్టోరియా క్రాస్ వచ్చింది. పతకాల గదిలో మా వాడికి విసుగొచ్చింది, మావయ్యగారు మాత్రం కదల్లేదు. ఊరు అందంగా ఉంటుంది, కోట ఉంది, పాత రైల్వే స్టేషన్‌ని సినిమా హాలూ కేఫ్‌గా మార్చారు. పార్కింగ్‌కి మాత్రం చాలాసేపు తిరగాల్సి వచ్చింది.

బెల్ పతకాన్ని 2010లో ఆటగాళ్ల సంఘమైన పీఎఫ్ఏ వేలంలో 2,10,000 పౌండ్లకి కొని మాంచెస్టర్‌లోని నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియంకి ఇచ్చింది. ఐదు మ్యాచ్‌ల ఆటగాడి పతకం పెద్ద పెద్ద స్టార్ల జెర్సీల నడుమ ఉండటం సబబేనా అని నాకు కాసేపు అనిపించింది. సైనికుడిగా సంపాదించినదాన్ని ఫుట్‌బాల్ తన ఖాతాలో వేసుకున్నట్టు లేదూ! అయితే రిచ్‌మండ్‌లో ఉంటే మా వాడు ఆ పతకాన్ని రెండో చూపు చూసేవాడు కాదు, ఇక్కడ ఆగి చదివాడు. ఆ లెక్కన కొన్నవాళ్లదే ఒప్పు. మాంచెస్టర్ నగరవాసులకి ప్రవేశం ఉచితం, మనలాంటి బయటివాళ్లకి టికెట్ ఉంటుంది. పెనాల్టీ కిక్ ఆటలూ అవీ ఉన్నాయి, పిల్లలకి బాగా కాలక్షేపం. ప్రదర్శనలు మారుస్తుంటారు కాబట్టి పతకం కోసమే వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి కనుక్కోండి. విక్టోరియా స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర.

ఇక ఫ్రాన్స్. బ్రిటన్‌లో ఉంటున్నా భారత పాస్‌పోర్టే ఉంటే షెంగెన్ వీసా కావాలి. మావయ్యగారికి బ్రిటన్ వీసా, షెంగెన్ వీసా రెండూ ఇండియాలోనే తీయించాం, అపాయింట్‌మెంట్ దొరకడం దగ్గరే సగం టెన్షన్. లండన్ నుంచి యూరోస్టార్‌లో లీల్ దాకా వెళ్లి, అక్కడ పక్క స్టేషన్‌కి నడిచి లోకల్ రైలెక్కితే అల్బేర్‌లో దిగొచ్చు. పారిస్ చుట్టూ తిరిగి రావాల్సిన పని లేదు. అల్బేర్ చర్చి గోపురం మీద బంగారు మేరీ విగ్రహం 1915లో గుండు దెబ్బకి పక్కకి ఒరిగిపోయి, మూడేళ్లు అలాగే వేలాడింది. ఇప్పుడున్నది తర్వాత పెట్టింది. చర్చి పక్కనే సొరంగంలో ఉన్న సోమ్ 1916 మ్యూజియం వానొస్తే తలదాచుకోడానికి మంచిది. బొమ్మలు, తుపాకులు, చప్పుళ్లు ఎక్కువ. మాకు పెద్దగా పట్టలేదు.

బస విషయంలో ఒక మాట. మొదటి రాత్రి స్టేషన్‌కి దగ్గరని ఒక హోటల్ తీసుకున్నాం. గది ఇరుకు, లిఫ్ట్ లేదు, మావయ్యగారు మోకాళ్లు పట్టుకుని మూడంతస్తులు ఎక్కారు. తర్వాత పల్లెలో ఒక ఇంటివాళ్లు నడిపే బసకి మారాం. ధర దాదాపు అంతే. పొద్దున్నే బ్రెడ్డు, వెన్న, ఇంట్లో చేసిన జామ్, కడుపు నిండా కాఫీ. ఆ ఇంటాయన మ్యాప్ పరిచి ఏ దారి బురదగా ఉంటుందో కూడా చెప్పాడు. రాత్రి భోజనానికి మాత్రం మాంసం లేకుండా చేయమంటే ఆమ్లెట్ తప్ప ఇంకేం తోచలేదు వాళ్లకి. గుడ్డు తిననివాళ్లు పులిహోర పొడి, అటుకులు వెంట తీసుకెళ్లండి. ఆదివారం, సోమవారం చాలా హోటళ్లు మూసేస్తారు, మధ్యాహ్నం రెండు దాటితే వంట కట్టేస్తారు. పల్లెల్లో టాక్సీలు దొరకవు. మేం ఫోన్‌లో మాట్లాడుకున్న ఒకతను రాకుండా ఎగ్గొట్టాడు, గంటన్నర రోడ్డు మీదే నిలబడ్డాం. అద్దె కారు తీసుకోవడం ఉత్తమం, కుర్రాళ్లయితే సైకిల్ చాలు.

అల్బేర్ నుంచి లా బ్వాసెల్ నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. 1916 జూలై 1న, దాడికి రెండు నిమిషాల ముందు భూమి లోపల మందుగుండు పేల్చిన లోక్‌నగర్ గొయ్యి అక్కడ ఉంది. చుట్టూ చెక్క దారి వేశారు, డబ్బు తీసుకోరు. దానికి అటువైపు పొలాల్లోనే జూలై 5న బెల్ దళం హార్స్‌షూ ట్రెంచ్ అనే జర్మన్ కందకం మీద దాడి చేసింది. పక్కనుంచి ఒక మెషీన్‌గన్ వాళ్లని తునకలు చేస్తోంది. బెల్, కార్పొరల్ కోల్‌విల్, ప్రైవేట్ బేటీ ముగ్గురూ ఒక కందకంలో పాక్కుంటూ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి బయటికి దూకి పరుగెత్తారు. గన్ పేల్చేవాణ్ని బెల్ పిస్తోలుతో కాల్చాడు, మిగిలింది బాంబులతో పూర్తయింది. ఇదంతా వట్టి అదృష్టం, నేను చేసిందేం లేదు అని అమ్మకి ఉత్తరం రాశాడు. ఆ నేల చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. చాటివ్వడానికి ఒక్క చెట్టు లేదు. వాలుగా ఉన్న సుద్దమట్టి నేల, దుంపల చేలు, అంతే. మా వాడు అక్కడ ఒకసారి పరుగెత్తి చూశాడు, బురద బూట్లకి పట్టి సగంలోనే ఆగిపోయాడు.

బెల్ పెళ్లి జూన్ 5న అయింది. విక్టోరియా క్రాస్ తెచ్చిన దాడి సరిగ్గా నెలకి. ఇంకో ఐదు రోజులకి, జూలై 10న, కాంతల్‌మెజాన్ ఊరి అంచున చేతిబాంబులతో మళ్లీ ముందుకు దూకి చనిపోయాడు. పతకం రాజు చేతుల మీదుగా ఆయన భార్య రోడా అందుకుంది. ఆయన పడిపోయిన చోట 2000లో పీఎఫ్ఏ ఒక చిన్న స్మారకం కట్టించింది, బెల్స్ రిడౌట్ అంటారు. రోడ్డు పక్కనే ఉంటుంది, కారు ఆపడానికి కొంచెమే జాగా. సమాధి ఉన్న గోర్డన్ డంప్ శ్మశానానికి రోడ్డు మీంచి గడ్డిబాటలో పొలాల మధ్యకి నడవాలి. అక్కడ 1,600కి పైగా సమాధులున్నాయి, వాటిలో వెయ్యికి పైగా పేరు తెలియనివాళ్లవే. గేటు దగ్గరి పెట్టెలో రిజిస్టర్ ఉంటుంది, చూసుకుంటే బెల్ రాయి దొరుకుతుంది. గడ్డి కత్తిరింపు, పూలమొక్కలు, రాళ్ల శుభ్రత చూస్తే కామన్వెల్త్ సమాధుల సంస్థకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఈ యాత్ర మొత్తంలో నేను ఐదుకి ఐదు ఇచ్చే సేవ అదొక్కటే.

కాంతల్‌మెజాన్ చర్చి పక్కన స్కాట్లండ్ వాళ్ల రాతి స్మారకం కూడా ఉంది, 2004లో కట్టారు. స్కాట్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్న హార్ట్స్ క్లబ్ ఆటగాళ్లు 1914లో గుంపుగా మెక్రే బెటాలియన్‌లో చేరారు. వాళ్లలో ఎల్లిస్, వాటీ, కరీ ముగ్గురూ జూలై 1న ఒక్క రోజే పోయారు. నాకు బెల్ స్మారకం కంటే ఇదే బలంగా తగిలింది. వాళ్ల పేర్లు తియెప్వాల్ తోరణం మీద, సమాధి తెలియని సైనికుల 72,000 పైచిలుకు పేర్లలో ఉన్నాయి. దాన్ని గీసిన లుట్యెన్స్ మన ఇండియా గేట్ గీసినాయనే. అక్కడి విజిటర్ సెంటర్లో శుభ్రమైన టాయిలెట్లున్నాయి, పల్లెల్లో ఎక్కడా ఉండవు కాబట్టి గుర్తుపెట్టుకోండి.

మావయ్యగారు పట్టుబట్టి హై వుడ్ దాకా తీసుకెళ్లారు. బెల్ పోయిన నాలుగు రోజులకి, జూలై 14 సాయంత్రం, డెక్కన్ హార్స్ ఈటెలు పట్టుకుని గుర్రాల మీద దాడి చేసింది ఆ అడవి పక్కనే. నిజాం కాలపు అశ్వదళం నుంచి వచ్చిన రెజిమెంట్ అది. పేరు దక్కనుదే గానీ, సవార్లలో దక్కనీ ముస్లింలతో పాటు జాట్లు, సిక్కులు ఉండేవారు. అడవి ప్రైవేటు ఆస్తి, లోపలికి వెళ్లకూడదు, బయటి రోడ్డు నుంచే చూడాలి. పొలాల గట్ల మీద తుప్పు పట్టిన గుండ్లు ఇప్పటికీ తేలుతుంటాయి, పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. ఇంకో రోజు చేతిలో ఉంటే న్యూవ్ షాపెల్‌లో భారత సైనికుల స్మారకం చూడండి, కారులో గంటకి కాస్త పైన పడుతుంది. మాకు రైలు టైమైపోయి కుదరలేదు.