కసుకాబే పాతాళ గుడి: డ్రెయిన్లలోకి దిగాలని ఉబలాటపడేవాళ్ళు ముందు ఇక్కడికి వెళ్ళండి

మా బావకి ఈ పిచ్చి ఫోన్ వల్ల పట్టుకుంది. తలకి లైటు కట్టుకుని, నడుం దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, ఊళ్ళ కింద వాననీటి సొరంగాల్లో తిరిగేవాళ్ళ వీడియోలు రాత్రి పన్నెండింటి దాకా చూస్తాడు. బెజవాడలో ఆయనది పైపుల షాపు, కాబట్టి కొంత వృత్తి అభిమానం అనుకోండి. ఆగస్టులో టోక్యోలో మా ఇంటికి వచ్చినప్పుడు సూట్‌కేస్‌లో ఆవకాయ సీసా పక్కనుంచి ఒక హెడ్‌లైటు బయటపడింది. "ఏరా, మీ ఊళ్ళో మంచి డ్రెయిన్ ఏదన్నా ఉంటే చెప్పు, దిగొద్దాం" అన్నాడు, అదేదో గుడికి వెళ్ళొద్దాం అన్నంత తేలిగ్గా.

"మ్యాన్‌హోల్ మూత ఎత్తి దిగితే ఇక్కడ నా వీసా గోవిందా బావా, టికెట్ కొనుక్కుని దిగే చోటుంది, పద" అని టోక్యోకి ఉత్తరాన ఉన్న కసుకాబేలో, నేల కింద కట్టిన వరదకాలువ టూర్ బుక్ చేశాను. ఈ రివ్యూ దాని గురించే. ఇలాంటివి చూడాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి నా సలహా ముందే చెప్పేస్తా: ఇక్కడ మొదలుపెట్టండి, చాలామందికి ఇక్కడితో సరిపోతుంది కూడా.

మా మొదటి బుకింగ్ జరగలేదు. అంతకుముందు రెండు రోజులు కుండపోత వాన, లోపలికి నీళ్ళు వచ్చాయి కాబట్టి టూర్ లేదన్నారు. బావ మొహం మాడ్చుకున్నాడు కానీ నాకైతే అక్కడే నమ్మకం కుదిరింది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో 1986 నుంచి కేవ్ క్లాన్ అని ఒక గుంపుంది, డ్రెయిన్లు తిరగడమే వాళ్ళ సరదా, వాళ్ళంతటి ముదుర్లు కూడా మొదటి సూత్రంగా చెప్పేది వాన పడితే డ్రెయిన్ వద్దనే. వాన మన నెత్తిమీదే పడక్కర్లేదు, పైన అయిదారు కిలోమీటర్ల అవతల పడినా మనం నిలబడ్డ గొట్టంలోకే వస్తుంది, వచ్చేటప్పుడు చెప్పి రాదు. వీడియోలో ఆ ముక్క ఎవడూ చూపించడు. ఇక్కడ ఆ లెక్క చూసేవాళ్ళు ఉన్నారు, మనం చూసుకోవాల్సింది బూట్లే.

రెండోసారి కుదిరింది. మేముండే నిషి కసాయ్ నుంచి తోజాయ్ లైన్, కయబాచోలో హిబియా లైన్, కితాసెంజు మీదుగా కసుకాబే, అక్కడ ఇంకో రైలెక్కి మినామి సకురాయ్. గంటన్నర పైనే పట్టింది. స్టేషన్ నుంచి టాక్సీ ఎక్కితే పది నిమిషాల లోపే, నడిస్తే నలభై నిమిషాలు. బావ పొదుపు, మేం నడిచాం, ఆగస్టు ఎండ. మీరు టాక్సీ ఎక్కండి.

ఇంతకీ ఏమిటిది? కసుకాబే చుట్టుపక్కల నేల పళ్ళెంలా ఉంటుంది. అంచుల్లో తోనే, ఎడో, అరా లాంటి పెద్ద నదులు, మధ్యలో నకగావా, కురమత్సు లాంటి చిన్న ఏర్లు. పెద్ద వాన పడిందంటే ఆ చిన్న ఏటి నీళ్ళకి పోయే దారి లేక ఊళ్ళమీద పడేవి. గైడమ్మాయి ఒక నమూనా బల్ల దగ్గర నిలబెట్టి ఇదంతా జపనీస్‌లో వివరిస్తోంది, నేను తెలుగులోకి మార్చడం మొదలుపెట్టేలోగా బావ "అర్థమైందిలేరా" అన్నాడు. ఆయన ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు కింది పోర్షన్ మొత్తం మునిగింది, షాపులో పీవీసీ పైపులు తేలుకుంటూ గుమ్మం దాటి వెళ్ళిపోయాయి. పళ్ళెం అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

వీళ్ళు చేసిందేంటంటే, పొంగిన ఏటినీళ్ళు తమంతట తామే పొర్లిపడేలా 70 మీటర్ల లోతు బావులు తవ్వారు. అలాంటివి అయిదు. ఆ బావుల్ని కలుపుతూ నేలకి 50 మీటర్ల కింద 10 మీటర్ల వ్యాసంతో 6.3 కిలోమీటర్ల సొరంగం, దాని చివర పెద్ద తొట్టి, తొట్టి పక్కన నాలుగు పంపులు. విమానం ఇంజన్లని మార్చి ఈ పంపులకి పెట్టారు. నాలుగూ తిరిగితే సెకనుకి 200 ఘనపు మీటర్లు ఎడోగావాలోకి, అంటే ఆ ఎడో నదిలోకే, తోస్తాయి. బావ భాషలో చెప్పాలంటే మేడమీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకులు రెండొందలు, ఒక్క సెకనులో. 2002లో కొంతభాగం మొదలై 2006కి మొత్తం పూర్తయింది. 2015 సెప్టెంబర్ వానలకి ఒక్క విడతలో దాదాపు కోటి తొంభై లక్షల ఘనపు మీటర్లు మింగిందట, అంటే మన లెక్కలో టీఎంసీలో మూడింట రెండు వంతులు. ఇంతా చేసి దీనికి పని పడేది సగటున ఏడాదికి ఏడుసార్లు. మిగతా రోజులన్నీ ఖాళీ, అందుకే మనలాంటివాళ్ళకి టికెట్ దొరుకుతోంది.

లోపలికి దారి చూస్తే నవ్వొస్తుంది. పైన మామూలు పచ్చిక మైదానం, పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకునేంత. ఒక పక్కన మన పొలాల్లో మోటారు షెడ్డుకంటే కాస్త పెద్ద గది. తలుపు తీస్తే మెట్లు, 116. లిఫ్ట్ ఉండదు, మోకాళ్ళ నొప్పులుంటే ముందే ఆలోచించుకోండి, దిగినవన్నీ మళ్ళీ ఎక్కాలి. ముప్పై మెట్లు దిగేసరికి చెమట ఆరిపోయింది, అరవై దాటాక చలి, ఆ తర్వాత వాసన. మురుగు కంపు కాదు. చెరువు ఎండి అడుగు బయటపడ్డప్పుడు వచ్చే బురద వాసన. ఇక్కడికి వచ్చేది ఏటినీళ్ళు, ఇళ్ళ మురుగు కాదు.

కొత్తగా ఈ సరదా పట్టినవాళ్ళు ఈ తేడా తెలుసుకుని తీరాలి. వాననీటి డ్రెయిన్ వేరు, మురుగు లైను వేరు, చాలా పాత ఊళ్ళలో రెండూ ఒకటే. మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. కంపు పోయింది కదా అని ఇంకో పదడుగులు వేసేవాడు అక్కడే పడిపోతాడు. మన దగ్గర రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013లోనే చట్టం చేసి నిషేధించారు, అయినా ఒకాయన దిగి పడిపోతే ఆయన్ని లాగడానికి దిగిన ఇంకొకాయనా పోయాడన్న వార్త చదువుతూనే ఉన్నాం. పొట్టకూటికి దిగినవాళ్ళు పోతుంటే మనం సరదాకి దిగుతాం అనడం నాకు ఎందుకో నోట్లో ఇసుక పడ్డట్టు ఉంటుంది. బావకి ఈ మాట ఇంట్లోనే చెప్పాను, ఏమీ అనలేదు.

సరే, తొట్టి. దీన్నే అందరూ పాతాళ గుడి అంటారు, అన్నందుకు తప్పులేదు. పొడవు 177 మీటర్లు, వెడల్పు 78, 18 మీటర్ల ఎత్తు స్తంభాలు 59, ఒక్కోటి 500 టన్నులు. ఫోటోల్లో చూసి వెళ్ళాను, అయినా కిందికి దిగి తలెత్తగానే నోట మాట రాలేదు. మండపంలో నిలబడ్డట్టే ఉంటుంది కానీ దేవుడు లేడు, దీపం లేదు, గోడలకి నీళ్ళ చారలు, నేలమీద మొన్నటి వాన తాలూకు సన్నటి మెత్తటి మట్టి. ఎవరో దగ్గారు, ఆ శబ్దం అటు చివరికి పోయి తిరిగి రావడానికి కొంచెం టైం తీసుకుంది. ఈ మట్టిని ఎత్తడానికి లోపలికి చిన్న బుల్డోజర్ దించుతారట.

స్తంభాలు అంత బరువెందుకు అని నేనడిగిన ప్రశ్నకి గైడ్ కంటే ముందు బావ చెప్పేశాడు. వానాకాలంలో ఖాళీ సెప్టిక్ ట్యాంకు పాతి మట్టి సరిగ్గా కప్పకపోతే తెల్లారేసరికి నేలలోంచి పైకి లేచి కూర్చుంటుంది, కస్టమర్ వచ్చి షాపు మీద గొడవ. ఇదీ అంతే, కింద ఊటనీళ్ళు తొట్టిని పైకి తోస్తుంటాయి, దాన్ని అదిమిపెట్టడానికే ఈ బరువు. నేను జపనీస్‌లోకి మార్చి చెప్తే గైడమ్మాయి రెండుసార్లు తలూపి, ఆ తర్వాత టూరంతా ఆయన్ని చూసే మాట్లాడింది. ఆయనకి జపనీస్‌లో థాంక్యూ తప్ప రాదు.

స్తంభాల మీద నీటిమట్టం ఎక్కడికి వస్తుందో గీతలుంటాయి. ఒకటి మా తలలకి చాలా పైన. బావ ఆ గీత కింద నిలబడి చెయ్యి ఛాతీ దాకా ఎత్తి చూపించాడు, "మా హాల్లో గోడమీద ఇక్కడుంది రా మరక. రంగు వేయించినా మళ్ళీ కనపడుతోంది." ఫోటో తియ్యమన్నాడు, తీశాను.

మామూలు టూర్ గంట, నేను కట్టింది మనిషికి 1000 యెన్లు. మేం ఇంకొంచెం ఎక్కువ పెట్టి బావి కూడా చూపించే టూర్ తీసుకున్నాం. డబ్బులుంటే అదే తీసుకోండి. హెల్మెట్ పెట్టి, నడుముకి బెల్టు కట్టి, దాని కొక్కెం కడ్డీకి తగిలించి 70 మీటర్ల బావి అంచున సన్నటి ఇనుప దారిమీద నడిపిస్తారు. వ్యాసం 30 మీటర్లు, కిందికి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. వీడియోల వీరుడు అక్కడ రెండు చేతులతో కడ్డీ పట్టుకుని "చాల్లే పద" అన్నాడు. నేను నవ్వలేదు, నా కాళ్ళూ వణుకుతున్నాయి.

హెడ్‌లైటు సంగతి మర్చిపోయా. లోపల లైట్లున్నాయి, దాని అవసరమే లేదు, అయినా ముచ్చటపడి తొట్టిలో ఒకసారి వెలిగించాడు. ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరో వెయ్యి ల్యూమెన్లు అని కొన్నది, పది నిమిషాల్లో కన్నుమూసింది. అది నిజం డ్రెయిన్‌లో జరిగి ఉంటే అని ఇద్దరం అనుకున్నాం, పైకి అనలేదు.

స్వేచ్ఛగా తిరగాలి, గొట్టంలో పాకాలి అనుకునేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. కట్టిన తాడు లోపలే ఉండాలి, మా టూర్‌లో సొరంగంలోకి పంపలేదు. టూర్ జపనీస్‌లో, జాగ్రత్తలు అర్థం కావడం ముఖ్యం కాబట్టి భాష తెలిసినవాళ్ళు ఒకరు వెంట ఉంటే మంచిది. హీల్స్ వద్దు. వానాకాలంలో బుక్ చేసుకుంటే ఇంకో రోజు చేతిలో ఉంచుకోండి. నా మార్కులు అయిదుకి నాలుగున్నర, ఆ అర మార్కు తగ్గింది 116 మెట్లు ఎక్కడానికి.

అయ్యాక ఎడోగావా గట్టెక్కి పులిహోర డబ్బా తెరిచాం, ఆ నీళ్ళు నదిలో కలిసే తూముల వైపు చూస్తూ. బావ తింటూ తింటూ ఆగాడు. "ఇక్కడివాళ్ళ నీళ్ళన్నీ ఈ నదిలోకి తోస్తే, కింద ఉన్నవాళ్ళ సంగతి?" కింద ఉన్నది మేమే, మా వార్డు పేరే ఎడోగావా. ఈ నది పెద్దది, తట్టుకుంటుందనే ఇటు తోస్తారని చెప్పి, నిజం దాచడం ఎందుకని 2019లో మా వార్డు పంచిన వరద పటం అట్టమీద 'ఇక్కడ ఉండకూడదు' అని అచ్చేసిన సంగతి కూడా చెప్పాను.

"ఇంతకీ మీది ఎన్నో అంతస్తురా?"

"రెండు."

బావ డబ్బా మూత పెట్టేశాడు.