చిరపుంజి వాన చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి

జులైలో నాలుగు రోజులు మేఘాలయ తిరిగొచ్చాం. షిల్లాంగ్‌లో దిగి, పగలు సోహ్రా, అంటే మనం చిన్నప్పుడు చదువుకున్న చిరపుంజి, చూసేసి సాయంత్రానికి వెనక్కి రావడం చాలామంది చేసే పని. మొదటిరోజు మేమూ అంతే. దొరికింది తుంపర, పొగమంచు. నోహ్‌కలికాయ్ దగ్గర 340 మీటర్ల ఎత్తు నుంచి పడే నీళ్ల హోరు విన్నాం గానీ జలపాతం కనబడలేదు.

మర్నాడు మాట్లాడుకున్న కారు రాలేదు. టెన్షన్ పడ్డాం గానీ బడాబజార్‌లో షేర్ సుమో దొరికింది, హాయిగా వెళ్లాం. ఆ రాత్రి సోహ్రాలోనే హోమ్‌స్టేలో ఉన్నాం.

అర్ధరాత్రి దాటాక మొదలైంది. రేకుల మీద ఆ మోతకి పక్కమనిషి మాట వినబడలేదు. తెల్లారేదాకా అదే ధార. ఇక్కడ పెద్ద వానలు ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామునే పడతాయి. బంగాళాఖాతం తేమతో వచ్చే దక్షిణపు గాలి బంగ్లాదేశ్ మైదానం మీద రాత్రిళ్లు జోరందుకుంటుంది. ఎదురుగా ఖాసీ కొండలు గోడలా అడ్డం. పైకి లేవక తప్పదు, లేస్తే చల్లబడక తప్పదు, ఆ తేమంతా అక్కడే కురిసిపోతుంది. 1995 జూన్ 16న ఒక్కరోజులో 1563 మిల్లీమీటర్లు పడింది. హైదరాబాద్‌లో దాదాపు రెండేళ్ల వాన! కొండ వెనకవైపున్న షిల్లాంగ్‌లో ఏడాదికి పడేది సోహ్రాలో నాలుగో వంతు కూడా ఉండదు.

ఇంకో సంగతి నన్ను కదిలించింది. రుతుపవన ద్రోణి, అంటే వానల్ని తెచ్చే అల్పపీడన పట్టీ, హిమాలయాల పాదాలకు జరిగినప్పుడు మన చేలు ఎండుతుంటాయి, ఇక్కడ కుండపోత.

పొద్దున తెరిపివ్వగానే బయటపడ్డాం. కిందంతా నీళ్లు నిండిన బంగ్లాదేశ్ సిల్హెట్ మైదానం. ఆ అరగంట కోసమే మళ్లీ వెళ్తాను. గాలికి మా గొడుగులు నిలవలేదు. అక్కడివాళ్లు వీపు మీద వేసుకునే వెదురు గొడుగు ‘క్నూప్’ చెక్కుచెదరలేదు. దగ్గర్లోని మాసిన్‌రామ్ ఊరికి వాన ఎక్కువే గానీ బసకు సోహ్రాయే నయం.

గదిలో దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, కరెంటు రెండుసార్లు పోయింది. అయినా ఇంటావిడ బొగ్గుల కుంపటి పెట్టి మా బట్టలు ఆరబెట్టింది. చూరు కింద ఆవిడ వరసగా డ్రమ్ములు పెట్టి ఉంచింది. ఎందుకని అడిగితే, చలికాలంలో తాగేనీళ్లు కొనుక్కోవాల్సి వస్తుందని చెప్పింది.