క్రేవెన్ కాటేజ్ కొయ్య కుర్చీలు: చాలా ఏళ్లు కూర్చున్నాక నా అభిప్రాయం

లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఫుల్హమ్ ఆట ఎలా ఉంటోంది, క్రేవెన్ కాటేజ్ మైదానంలో ఎంతమంది పడతారు, పట్నీ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి ఎంతసేపు నడవాలి వంటి సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి నేను పోవడం లేదు. ఏళ్ల తరబడి సీజన్ టికెట్ తీసుకుని జానీ హేన్స్ స్టాండ్ పై వరుసల్లో కూర్చుంటున్నవాడిగా, అక్కడి కొయ్య కుర్చీల గురించి మాత్రమే రాస్తున్నాను. లండన్‌లో ఫుట్‌బాల్ చూడటానికి ఇంతకన్నా మెత్తని, వెడల్పైన, వెచ్చని చోట్లు చాలానే ఉన్నాయి. అయినా ఆ కొయ్య మీద నాకున్న ఇష్టం ఏటేటా పెరుగుతూనే ఉంది.

ఆ స్టాండ్ 1905 నాటిది. అంతకుముందు అక్కడున్న చెక్కల కట్టడాన్ని జనం కుందేళ్ల గూడు అని ఎగతాళి చేసేవారట. అది సురక్షితం కాదని లండన్ కౌంటీ కౌన్సిల్ అభ్యంతరం చెప్పడంతో క్లబ్బు గ్లాస్గోకు చెందిన ఆర్చిబాల్డ్ లీచ్ అనే ఇంజనీరును పిలిపించింది. 1902 ఏప్రిల్‌లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఆడుతుండగా కొయ్య మెట్లు కూలి 25 మంది చనిపోయారు, ఆ మెట్ల రూపకర్త ఈ లీచే. అంత జరిగిన మూడేళ్లకే ఆయన స్టీవనేజ్ రోడ్డు వెంట ఇంత పొందికైన స్టాండ్ నిలబెట్టగలిగాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వీధి వైపు నుంచి చూస్తే ఎర్ర ఇటుకల గోడ ఎదుటి ఇళ్ల వరుసకు జతగా కనిపిస్తుందే తప్ప, దాని వెనక ఇన్ని వేల మంది కూర్చుని ఉంటారని అనిపించదు. మైదానం మూలన బాల్కనీతో ఉన్న కాటేజ్ అనే ఇల్లులాంటి చిన్న కట్టడం కూడా లీచ్ కట్టిందే. మైదానానికి పేరు తెచ్చిన అసలు కాటేజ్‌ను 1780లో బేరన్ క్రేవెన్ అనే ప్రభువు కట్టించుకోగా అది 1888లోనే కాలిపోయింది. ఆ తర్వాత తుప్పలు మొలిచిన ఆ స్థలంలో 1896 నుంచి ఫుల్హమ్ ఆడుతోంది. అయినా పక్క సీట్లకు కొత్తగా వచ్చినవారు ఆ బాల్కనీని చూపించి ప్రభువు గారి ఇల్లు ఇదేనా అని అడుగుతూనే ఉంటారు.

ఇక కుర్చీ సంగతి. మనిషి లేవగానే కింది పలక తనంతట తానే పైకి లేచి వెనక చెక్కకు టప్పున తగులుతుంది. అంచులు ఎన్ని తరాల మోకాళ్లు రాసుకున్నాయో గాని, ముట్టుకుంటే నున్నగా ఉంటాయి. ఒక్క కుర్చీ చప్పుడు చిన్నదే, కానీ వరుసలకు వరుసలు ఒక్కసారిగా లేస్తే మాత్రం పెంకుటింటి మీద వడగళ్లు పడ్డట్టు వినిపిస్తుంది. ఈ చప్పుడుకు ఉన్న విలువ నాకు 2010 మార్చిలో ఇటలీ క్లబ్బు యువెంటస్ వచ్చిన రాత్రి తెలిసింది.

యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్‌లో, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి గెలుపు తేల్చే పోరులో, తొలి మ్యాచ్‌ను మావాళ్లు టురిన్‌లో 3-1తో ఓడి వచ్చారు. ఇక్కడ ఆట మొదలైన రెండో నిమిషంలోనే యువెంటస్ ఆటగాడు ట్రెజెగే గోల్ కొట్టేసరికి మొత్తం లెక్క 4-1 అయి, మా వరుసలో కొందరు ఇళ్లకు వెళ్లే రైళ్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికే మా జమోరా ఒక గోల్ తిరిగి ఇచ్చాడు. తర్వాత యువెంటస్ ఆటగాడు కన్నవారో ఎర్ర కార్డుతో బయటికి వెళ్లాడు. విరామానికి ముందొకటి, విరామం అయిన కొద్దిసేపటికే పెనాల్టీతో మరొకటి గేరా కొట్టడంతో రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్క సమమైంది. నా సీటుకూ ఒక గోలుకూ మధ్య పైకప్పును మోసే ఇనుప స్తంభం ఒకటి ఉంటుంది. దాని వల్ల గోలు రెండో పక్క స్తంభం, దాని వెనక వల కొంత నాకు ఎప్పుడూ కనిపించవు. 82వ నిమిషంలో డెంప్సీ పెనాల్టీ ప్రాంతం అంచున బంతి అందుకుని, తిరిగి, దాన్ని పైకి లేపాడు. బంతి తాపీగా గాలిలో సాగుతూ సరిగ్గా ఆ స్తంభం వెనక్కి వెళ్లింది. ఇవతలికి మాత్రం రాలేదు. మెడ సాచి చూసేలోపే నా కుడివైపున, స్తంభం అడ్డం లేని సీట్లలో కొయ్య పలకలన్నీ ఒక్క దెబ్బకు మోగాయి. కేక ఆ తర్వాతే వచ్చింది. ఆ గోల్‌ను నేను ముందుగా విన్నానని చెప్పినా అబద్ధం కాదు. ఆ రాత్రి 4-1తో, మొత్తంగా 5-4తో గెలిచి, కోచ్ రాయ్ హాడ్జ్‌సన్ జట్టు హాంబర్గ్‌లో ఫైనల్ దాకా వెళ్లి అట్లెటికో మాడ్రిడ్ చేతిలో అదనపు సమయంలో ఓడింది. డెంప్సీ పైకి లేపి కొట్టిన ఆ గోల్‌ను తర్వాత టీవీలో ఎన్నోసార్లు పూర్తిగా చూశాను గాని, స్తంభం అడ్డమున్న నా చూపే నాకు ఎక్కువ నచ్చింది.

ఈ స్టాండ్ నిలవడం కూడా అంత తేలికగా జరగలేదు. 1980లలో మైదానం భూముల వ్యాపారుల చేతికి వెళ్లి, 1987లో క్లబ్బును మరో లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో కలిపేయాలన్న ప్రతిపాదన దాకా వచ్చింది. ఒకప్పటి ఫుల్హమ్ ఆటగాడు జిమ్మీ హిల్ ముందుకొచ్చి క్లబ్బును నిలబెట్టాడు. 1961లో ఆటగాళ్ల జీతాలపై ఉన్న గరిష్ఠ పరిమితిని తీయించిన ఆటగాళ్ల సంఘానికి నాయకుడు కూడా ఆయనే, ఆ వెంటనే వారానికి వంద పౌండ్లు అందుకున్నది ఆయన సహచరుడు జానీ హేన్స్. అదే 1987లో స్టాండ్, కాటేజ్ రెండూ రక్షిత కట్టడాల జాబితాలో చేరాయి. 2002 నుంచి రెండు సీజన్ల పాటు జట్టు క్వీన్స్ పార్క్ రేంజర్స్ మైదానం లాఫ్టస్ రోడ్‌లో తలదాచుకుని 2004లో తిరిగొచ్చేటప్పటికి నిలబడి చూసే మెట్లు పోయాయి, కొయ్య కుర్చీలు మాత్రం మిగిలాయి. హేన్స్ 2005లో మరణించాక స్టాండ్‌కు ఆయన పేరు పెట్టారు.

స్నేహితులకు ఇదివరకు ఈ సీట్లను మైదానంలోకెల్లా మంచివని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట కాస్త తగ్గించి చెబుతున్నాను. వరుసల మధ్య జాగా 1905 నాటి మనుషులకు సరిపడేది, కాళ్లు పొడుగున్న వారికి రెండో సగం కష్టంగా గడుస్తుంది. జనవరిలో థేమ్స్ మీది నుంచి వచ్చే గాలికి ఉన్ని చొక్కా ఒకటి చాలదు. 1985 మే నెలలో బ్రాడ్‌ఫర్డ్‌లో పాత కొయ్య స్టాండ్ అంటుకుని 56 మంది మరణించిన సంగతి చదివినప్పటి నుంచి, ఇక్కడ ఎన్ని జాగ్రత్తలు ఉన్నా, కూర్చోగానే బయటికి దారి ఎటుందో చూసుకోవడం నాకు అలవాటైంది. మొదట్లో పట్టించుకోని స్తంభం కూడా ఈ మధ్య, జట్టు సరిగ్గా ఆడని రోజుల్లో, ఇంకా లావుగా కనిపిస్తోంది.

కొనాలా వద్దా అంటే, నేను డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో రైల్లో, ఒక్కడినే వెళ్లి, ఒక్కడినే తిరిగొచ్చే మనిషిని. పొట్టివాణ్ణి, మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి. అందుకే వచ్చే ఏడూ ఇదే సీటు తీసుకుంటాను. చిన్నపిల్లలతోనో, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఒక్క మ్యాచ్ చూడటానికి వచ్చిన తల్లిదండ్రులతోనో వెళ్లేవారు మాత్రం నదివైపు కొత్త రివర్‌సైడ్ స్టాండ్‌లో కూర్చోవడం మేలు, డబ్బు ఎక్కువైనా స్తంభం అడ్డురాదు. అక్కడి నుంచి ఎదురుగా ఎర్ర ఇటుకల కాటేజ్, మా పాత స్టాండ్ రెండూ కనిపిస్తాయి. కొయ్య కుర్చీయే కావాలనుకునేవారు టికెట్ తీసుకునే ముందు స్తంభాలు ఏ వరుసలకు ఎదురుగా ఉన్నాయో సీట్ల పటంలో చూసుకోవాలి, వీలైతే మొదటి మ్యాచ్‌కు విడి టికెట్ కొనుక్కుని చూసి, సీజన్ టికెట్ సంగతి ఆ తర్వాత తేల్చుకోవాలి.