మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంట్లో: వాకర్, కమోడ్ కుర్చీ, పది నెలల వాడకం

అమ్మకు కుడి మోకాలు మార్పిడి జరిగి పది నెలలైంది. వయసు 67, బరువు 78 కిలోలు. గుంటూరులో మాది పాత ఇల్లు. ప్రతి గదికీ గడప, దొడ్లో ఇండియన్ టాయిలెట్. ఆపరేషన్‌కు ముందు నెల రోజులు ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ మోకాలు) ధరల గురించే మా చర్చంతా. 2017 ఆగస్టులో ప్రభుత్వం దాని ధరకు పరిమితి పెట్టింది, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం, అని మా బావ కాగితం మీద రాసుకుని మరీ ఆసుపత్రికి వచ్చాడు. ఇంటికి తెచ్చాక అమ్మ టాయిలెట్‌కి ఎలా వెళ్తుంది అన్నది మాత్రం మాలో ఒక్కరికీ తట్టలేదు. డిశ్చార్జి రోజు నర్సు "వాకర్, కమోడ్ కుర్చీ తీసుకోండి" అంది. కమోడ్ కుర్చీ అంటే సీటు మధ్యలో రంధ్రం, దాని కింద బకెట్ ఉండే కుర్చీ. ఏ రకం, ఎంత ఎత్తు అని మేమూ అడగలేదు. ఎదురుగా ఉన్న సర్జికల్ షాపులో ఏది ముందుంటే అది కొనేశాం.

వాకర్ చక్రాల్లేని, మడత పడే అల్యూమినియం రకం, 1,400. మొదటి రెండు రోజులూ అమ్మ ముందుకు వంగిపోయి నడిచింది, నడుం పట్టేసిందని ఏడ్చింది. మూడో రోజు ఫిజియో అమ్మాయి వచ్చి, అమ్మను నిటారుగా నిలబెట్టి చేతులు కిందికి వదిలేయమంది. పిడి మణికట్టు దగ్గరికి రావాలట. మాది రెండు రంధ్రాలు తక్కువలో ఉంది. నాలుగు కాళ్లకూ బటన్ నొక్కి పైకి లాగింది, అంతే. నడుం నొప్పికి అప్పటికే రెండు మాత్రలు మింగించాం.

గడపల దగ్గర వేరే గొడవ. వాకర్ నాలుగు కాళ్లూ గడప దాటి అవతల ఆనాకే మనిషి అడుగేయాలి. వెనక కాళ్లు గడప మీదే ఉండిపోతే వాకర్ ఊగుతుంది. ఇది అమ్మకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. గడప మీద కాలు పెట్టడమే తప్పు అనుకునే మనిషి, వాకర్ కాలు మాత్రం పెట్టనిస్తుందా!

వాకర్‌లో అసలు లోపం అడుగున ఉండే రబ్బరు బుష్షులు. దొడ్లో సిమెంటు గచ్చు మీద రోజూ నడవడంతో మూడో నెలకే ఒకటి అరిగి అల్యూమినియం బయటపడింది. గరగరమని చప్పుడు వస్తుంటే పాతబడిందిలే అనుకున్నాను. ఒకరోజు తడి గచ్చు మీద ఆ కాలు సర్రున జారింది. అమ్మ బట్టల తీగ పట్టుకుని నిలబడిపోయింది కాబట్టి సరిపోయింది. కొత్త బుష్షులు నాలుగూ కలిపి 160. మీ ఇంట్లో వాకర్ ఉంటే ఇవాళే తిరగేసి చూడండి.

కమోడ్ కుర్చీకి 2,800 అయింది. కొన్నవాటన్నిటిలో నేను మార్కులు వేసేది దీనికే. కానీ మొదటి వారం దాన్ని అమ్మ ముట్టుకోలేదు. తన మంచం పక్క గోడకు అవతల పూజగది. "దేవుడి గోడకి ఇవతల అదేంట్రా, తీసెయ్" అంది. రాత్రిళ్లు మమ్మల్ని లేపకూడదని సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు మానేసింది. ఆ సంగతి మా ఆవిడ కనిపెట్టింది, పొద్దున చూస్తే చెంబు నిండా నీళ్లు అలాగే ఉంటున్నాయి. చివరికి కుర్చీని హాల్లో మూలకి పెట్టి, పాత చీర అడ్డం కట్టాక ఒప్పుకుంది.

పగలు బకెట్ తీసేసి, అదే కుర్చీని ఇండియన్ టాయిలెట్ మీద పెట్టేవాళ్లం. వెస్టర్న్ కమోడ్ పెట్టించే ఖర్చు అలా తప్పింది. మధ్యలో ఖాళీ ఉండటంతో నీళ్లు చిందుతాయి. పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి సీటు కింద గొట్టంలా బిగించాం. చూడటానికి బాగుండదు, పని మాత్రం చేసింది. చేతులున్న కుర్చీయే తీసుకోండి, లేచేటప్పుడు బరువంతా చేతుల మీదే. చక్రాలున్నది వద్దు. ఆరో నెలకి మా కుర్చీ స్క్రూలు తుప్పు పట్టాయి, రెండు మార్చాం.

రాత్రి వాడిన బకెట్ పొద్దున ఎవరూ లేవకముందే కడిగి, ఫినాయిల్ వాసనతో దొడ్లో బోర్లించి ఉండేది. మా ఆవిడ చేస్తోందని నేను, నేను చేస్తున్నానని తను అనుకున్నాం. పది రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, లుంగీ పైకి కట్టుకుని పంపు దగ్గర నాన్న. తాగిన కాఫీ గ్లాసు ఏనాడూ సింకులో పెట్టిన మనిషి కాదు. నేను చూసినట్టు ఇప్పటికీ ఆయనకు తెలియదు.

డబ్బు దండగ అంటే సీపీఎం మిషనే. కాలు అందులో పెడితే అదే వంచుతుంది, అదే చాపుతుంది. సర్జన్ అక్కర్లేదన్నా, తెలిసినవాళ్లు చెప్పారని రోజుకు 500 చొప్పున పది రోజులు అద్దెకు తెచ్చాం. అమ్మ అందులో కాలు పెట్టి హాయిగా సీరియల్ చూసేది. కండకు పనే లేకపోతే హాయిగా కాక ఇంకేముంటుంది? మంచం అంచున కూర్చుని తనంతట తను మడమ వెనక్కి లాక్కునే వ్యాయామానికి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకునేది. మోకాలు 90 డిగ్రీలు వంగింది ఆ ఏడుపుతోనే.

దిండు గురించి ఒక మాట. మోకాలి కింద దిండు పెట్టుకుంటే సుఖంగా ఉంటుంది, కానీ కాలు వంపులోనే బిగుసుకుపోతుంది. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టమంది ఫిజియో. రాత్రి అమ్మ దొంగచాటుగా దిండు లాక్కోవడం, నాన్న తీసేయడం నెలంతా నడిచింది. చుట్టాలు తెచ్చిన నూనెల్నీ పక్కన పెట్టేశాం, మర్దనా వద్దని సర్జన్ గట్టిగా చెప్పారు. తడిగుడ్డలో ఐస్ ప్యాక్ చుట్టి పావుగంట, రోజుకు నాలుగైదుసార్లు. జెల్ ప్యాక్ రెండుంటే ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి కాలి మీద.

మూడో వారం పిక్క వాచి, వేడిగా అనిపించి బాగా టెన్షన్ పడ్డాం. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని ముందే చెప్పారు, రక్తం పలచబడే మాత్రలూ నడుస్తున్నాయి. ఇంట్లో కూర్చుని ఊహించుకోకుండా వెంటనే తీసుకెళ్లి డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించాం. ఏమీ లేదు. మళ్లీ అలా అనిపించినా మళ్లీ తీసుకెళ్తాం.

ఇప్పుడు అమ్మ చేతికర్రతో గుడికి వెళ్లొస్తోంది, కూరగాయలు బల్ల మీద తరుగుతోంది. వాకర్ ఎదురింటి మామ్మగారికిచ్చాం, కొత్త బుష్షులు వేయించే ఇచ్చాం. ఎడమ మోకాలు సంగతి ఎప్పుడెత్తినా అమ్మది ఒకటే జవాబు: "ముందు ఆ వాకర్ తిరిగి రానీ, చూద్దాం."