కాళేశ్వరం కయాకింగ్ ట్రిప్ బుక్ చేసేవాళ్లు ముందు ఇది చదవండి

ఇంటికొచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా రాస్తున్నా. హనుమకొండ నుంచి వీకెండ్ ట్రిప్పులు వేసే ఆ ప్యాడ్లింగ్ క్లబ్బు గురించి. పేరు రాయను. పొద్దుపొడుపులో వరుసగా పోయే కయాక్‌ల (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల) రీల్ చూసినవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది.

మనిషికి 1,200 రూపాయలు. మా అక్క, పన్నెండేళ్ల మేనకోడలు, నేను వెళ్లాం. ఈత రాకున్నా ఫర్వాలేదు, వాలుకు మెల్లగా నాలుగు కిలోమీటర్లు, వచ్చేటప్పుడు ట్రాలీ ఆటో అన్నారు. చీకటితోనే బయల్దేరి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం చేరాం. ఘాట్ దగ్గర లైఫ్ జాకెట్లు కుప్పగా పోసి ఉన్నాయి, పిల్లల సైజు ఒక్కటీ లేదు. అడిగితే "బెల్టు గట్టిగ గుంజి కడితె సాలు" అని ఆర్గనైజరే పాపకు పెద్దవాళ్ల జాకెట్ వేశాడు.

అక్క, పాప ఇద్దరు కూర్చునే ఆరెంజ్ కయాక్‌లో, నేను పక్కన ఒంటి కయాక్‌లో. ప్రాణహిత వచ్చి కలిసిన చోటు దాటాక గోదావరిలో నీటి లాగుడు బాగా పెరుగుతుంది. అక్కడే వాళ్ల కయాక్ వెనకబడింది. వెనక భాగం నీళ్లలోకి దిగుతోంది. ఊరికే ఒక పక్కకు ఒరుగుతోంది. నేను కేకేసి చెప్పాను. ముందున్న ఆర్గనైజర్ తల తిప్పి, "కొత్తల అట్లనే ఊగుతది సార్, అక్క సక్కగ కూసుంటలేదు" అన్నాడు. వాళ్ల మనుషులు ముగ్గురూ ముందే ఉన్నారు, వెనక ఒక్కరూ లేరు. డ్రోన్ పైకి లేపి వీడియో తీసుకుంటున్నారు.

కాసేపటికే కయాక్ బోర్లా పడింది. నడుము లోతే అని చెప్పిన చోట నేను దిగితే కాళ్లకు నేల అందలేదు. ఇసుక తోడిన గుంత అది. గోదావరిలో ఇసుక తీసిన చోట ఒక అడుగు మోకాళ్ల లోతుంటే, పక్క అడుగు నిలువెత్తు దాటిపోతుంది. పాప జాకెట్ పైకి జారి ముఖాన్ని కప్పేసింది. ఆ రెండు చేతులు గాల్లో కొట్టుకోవడం తప్ప నాకు ఇంకేం కనిపించలేదు. దగ్గర్లో వల తీస్తున్న జాలరి ఒకాయన తెప్ప వేసుకొచ్చి ముందు పాపను, తర్వాత అక్కను పట్టుకుని ఇసుక తిన్నె మీదికి చేర్చాడు. ఆ అన్నకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

కయాక్‌ను కూడా ఆయనే ఒడ్డుకు లాగి ఎత్తి నిలబెట్టాడు. లోపలి నుంచి బిందెల కొద్దీ నీళ్లు పోయాయి. ఈ ప్లాస్టిక్ కయాక్‌లు లోపల డొల్లగా ఉంటాయి. లోపల చేరిన నీళ్లు వంచేయడానికి వెనక ఒక రంధ్రం, దానికి మరలు తిప్పే మూత ఉంటుంది. దీనికి ఆ మూత లేదు. ఆ రంధ్రంలో పాలిథిన్ కవర్ ఉండచుట్టి కుక్కారు. జాలరి దాన్ని వేలితో లాగి నా చేతిలో పెట్టాడు. నీళ్లు లోపలికి చేరేకొద్దీ వెనక బరువెక్కి, ఉన్న నీళ్లన్నీ ఒక పక్కకు దొర్లి బోర్లా పడింది. అక్క కూర్చోవడంలో తప్పేం లేదు.

ఆ కవర్ పట్టుకెళ్లి ఆర్గనైజర్‌కు చూపించాను. తెలియదంటాడేమో అనుకున్నా. "మూత పోయి చాన రోజులైంది సార్. ఒడ్డెంబడి పోతె నీళ్లు రావు, మీరే నడిమిట్లకు పోయిండ్రు" అన్నాడు.

వాడికి తెలుసు! తెలిసీ అందులో ఒక పిల్లను కూర్చోబెట్టాడు. తెలిసీ తప్పు అక్క మీదికి నెట్టాడు. పాప ఇంకా దగ్గుతూ నీళ్లు కక్కుతుండగానే, కొట్టుకుపోయిన తెడ్డుకు మూడు వేలు కట్టమన్నాడు. ట్రాలీ ఆటో కూడా రాలేదు, రోడ్డు దాకా తడి బట్టలతో నడిచాం. డబ్బు వాపసు అడిగితే గ్రూప్‌లోంచి నన్ను తీసేశారు.

2019 సెప్టెంబర్‌లో పాపికొండల టూర్‌కని మన కడిపికొండ నుంచి వెళ్లినవాళ్లలో చాలామందిని కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు ఇదే గోదావరి మింగింది. ఆ ఇళ్లు మనకు ఎంతో దూరంలో లేవు. అది తెలిసి కూడా మన ఊళ్ల జనాన్ని నీళ్ల మీదికి తీసుకెళ్లేవాడు ఇరవై, ముప్పై రూపాయల మూత కొనకపోవడం నాకు ఎంతకూ మింగుడుపడటం లేదు. మహదేవపూర్ పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చే వచ్చాను. ఆ కవర్ నా దగ్గరే ఉంది.

ఎవరితో వెళ్లినా సరే, ఎక్కే ముందు కయాక్ వెనక మూత ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టి పైకి లాగండి, చెవుల దాకా వస్తే అది మీ సైజు కాదు. అందరికంటే వెనక ఎవరొస్తారో అడగండి, ఎవరూ రారంటే నీళ్లలోకి దిగొద్దు.

వచ్చే ఆదివారం ట్రిప్ పోస్టర్ అప్పుడే పెట్టేశారు, ఫొటోలో అదే ఆరెంజ్ కయాక్ ఉంది. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా బుక్ చేసి ఉంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.